టర్బోకు ఇరవై ఒక్క వేలు, బండికి మూడు లక్షల ఎనభై ఐదు వేలు: ఒక 650 కేసు

విజయవాడ ఆటోనగర్‌లో మాది చిన్న షెడ్డు. ఇంజన్ పని, ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) ట్యూనింగ్ చేస్తాం. టర్బో అంటే ఎగ్జాస్ట్ తోపుకు తిరిగి ఇంజన్‌లోకి అదనపు గాలి తోసే చక్రం. డీజిల్ కార్ల టర్బోలు లెక్కలేనన్ని విప్పి బిగించాం కానీ, టర్బోయే లేని బైకుకు కొత్తగా టర్బో కట్టడం మాకు ఇదే మొదటిసారి. ఓనరుకూ ఇదే మొదటిది. బిల్లు ఇంత కావడానికి అదీ ఒక కారణమే. అతని అనుమతితోనే రాస్తున్నాను. ఊరు, ఉద్యోగం, బండి రంగు లాంటి గుర్తులు తీసేశాను, కొన్ని మార్చాను. అంకెలు మాత్రం షెడ్డు డైరీలో ఉన్నవే.

బండి, దాని ఓనరు

ముప్ఫై నిండని కుర్రాడు. నెల జీతం మీద బతికేవాడు, అప్పు చేసి బండ్లు కట్టే రకం కాదు. మొదట తన దగ్గరున్న కేటీఎం 390కే టర్బో పెడదామన్నాడు. నేను వద్దన్నాను. దాని కంప్రెషన్, అంటే సిలిండర్‌లో పిస్టన్ గాలిని నొక్కే నిష్పత్తి, 12కు పైనే. టర్బో తోసే గాలిని అంత బిగువైన సిలిండర్‌లో మళ్లీ నొక్కితే మన పెట్రోలుకు నాకింగ్ (పెట్రోలు సమయం కాకుండా తనంతట తానే పేలడం) తప్పదు. పైగా సింగిల్ సిలిండర్. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే ఎగ్జాస్ట్ ఒక్కసారి కొడుతుంది, టర్బో చక్రానికి ఆ తోపు అందీ అందనట్టు ఉంటుంది. మొదటి ప్రాజెక్టులోనే ఇన్ని చిక్కులు ఎందుకు?

అతని అన్న దగ్గర రాయల్ ఎన్‌ఫీల్డ్ కాంటినెంటల్ జీటీ 650 ఉంది. 648 సీసీ, రెండు సిలిండర్లు, 47 పీఎస్ పవర్, 52 న్యూటన్ మీటర్ల టార్క్. మాకు నచ్చింది దాని 9.5 కంప్రెషన్. ఇప్పటి బైకుల్లో అది తక్కువే. బోరు, హెడ్డు ముట్టుకోకుండా కొద్దిపాటి బూస్ట్‌కు (టర్బో తోసే గాలి ప్రెషర్‌కు) చోటు ఉంటుంది. అన్నదమ్ములు బండ్లు మార్చుకున్నారు.

పని మొదలుపెట్టే ముందు చట్టం సంగతి కూర్చుని మాట్లాడుకున్నాం. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ చెప్పిన వివరాలు మారేలా బండిని మార్చకూడదు. 2019 సవరణ తర్వాత అలా మార్చిన ఓనరుకు ఒక్కో మార్పుకు 5,000 జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ పడొచ్చు. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్లు క్లెయిమ్ తోసిపుచ్చడానికి మనమే కారణం రాసిచ్చినట్టు. అందుకే టర్బో ఉన్నంతకాలం బండి రోడ్డెక్కదు, చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై సర్క్యూట్‌లో ట్రాక్ డేలకే అని తీర్మానించుకున్నాం. దాంతో పనికి ఒక నియమం వచ్చింది. ఫ్రేమ్‌కు ఏదీ వెల్డ్ చేయం, ట్యాంకుకు రంధ్రం పెట్టం, విప్పిన ఒరిజినల్ పార్టులన్నీ పేర్లు రాసి అట్టపెట్టెల్లో పెడతాం. ఎప్పుడు కావాలంటే అప్పుడు రెండు రోజుల్లో మామూలు బండి అయిపోవాలి.

చేతికిచ్చిన కాగితం

మొదటి రోజే అతను ఎస్టిమేట్ ప్రింట్ తీసుకుని వచ్చాడు. టర్బో 12,000. పైపులు, వెల్డింగ్ 15,000. ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది) 8,000. పిగ్గీబ్యాక్ ఈసీయూ (ఒరిజినల్‌కు తోడుగా ఉండి దాని సిగ్నళ్లు సర్దేది) 25,000. లేబర్ 20,000. ఇతరాలు 5,000. మొత్తం 85,000.

"అన్నా, ఇంకో పదివేలు అటూ ఇటూ అయినా లక్ష లోపే కదా?" అన్నాడు.

రాసిన వాటిలో రేట్లు మరీ తప్పుగా లేవు. చిక్కంతా రాయని వాటితోనే. టర్బోకు ఆయిల్ ఎక్కడి నుంచి వస్తుంది, వచ్చింది ఎటు పోతుంది? అదనపు గాలికి తగ్గ పెట్రోలు ఏ పంపు ఇస్తుంది? మిక్చర్ ఎంతుందో చూసే సెన్సర్ ఏది? క్లచ్ ఆగుతుందా? డైనోకు (పవర్ కొలిచే మెషీన్‌కు) బండిని ఎవరు మోసుకెళ్తారు? గాస్కెట్లు, క్లాంపులు, నాలుగుసార్లు మార్చే ఆయిల్? అసలు బండంతా ఆ "ఇతరాలు 5,000" గడిలో కూర్చుని ఉంది.

నేను రెండున్నర నుంచి మూడు లక్షలు చెప్పాను. అతని ముఖం వాడిపోయింది. కాసేపాగి, "ఎక్కడైనా తగ్గించే వీలుందా?" అని అడిగాడు. రెండు చోట్ల తగ్గించడానికి ఒప్పుకున్నాను. మానిఫోల్డ్ (ఇంజన్ నుంచి టర్బోకు ఎగ్జాస్ట్ తెచ్చే పైపులు) స్టెయిన్‌లెస్ బదులు మామూలు ఇనుప పైపుతో, ఈసీయూ స్టాండలోన్ (ఒరిజినల్ తీసేసి దాని చోట పెట్టేది) బదులు పిగ్గీబ్యాక్. ఆ రెండూ తర్వాత మళ్లీ కొనాల్సి వచ్చింది.

ఏ టర్బో

అందరూ మొదట అడిగేది ఇదే. అన్నింటికంటే సులువుగా తేలిందీ ఇదే.

టర్బో సైజును సీసీ చూసి కాదు, నిమిషానికి ఇంజన్ మింగే గాలి చూసి తేల్చాలి. ఫోర్ స్ట్రోక్ ఇంజన్ రెండు చుట్లకోసారి తన సీసీ అంత గాలి పీలుస్తుంది. 648 సీసీ, 7,000 ఆర్‌పీఎం దగ్గర లెక్క కడితే నిమిషానికి దాదాపు 2,270 లీటర్లు. ఇప్పుడు మన రోడ్ల మీద ఎక్కడ చూసినా కనిపించే 1.3 మల్టీజెట్ డీజిల్ తీసుకోండి. స్విఫ్ట్‌లో, ఇండికా విస్టాలో వచ్చినదే. 1,248 సీసీ, 4,000 ఆర్‌పీఎం దగ్గర 75 పీఎస్. దాని లెక్క దాదాపు 2,500 లీటర్లు. అంటే ఆ డీజిల్ మీద కూర్చునే కేపీ35 టర్బో మన ఇంజన్‌కు కొత్త కాదు. పైగా డీజిల్‌లో దాన్ని మనకు కావలసిన దానికి రెండు మూడింతల బూస్ట్‌తో నడుపుతారు.

జపాన్ కీ కార్ల టర్బో ఇంకా బాగా సరిపోతుంది. అక్కడ 1990 నుంచి ఆ కార్లకు 660 సీసీ పరిమితి, కంపెనీలు తమలో తాము 64 పీఎస్ దగ్గర ఆగాయి. మన 648 సీసీకి కొలిచి చేసినట్టే ఉంటాయి ఆ ఐహెచ్‌ఐ టర్బోలు, పైగా పెట్రోలు వేడికి తయారైనవి. కానీ తెప్పించడానికి నెలలు పడుతుంది, సీలు పోతే మళ్లీ నెలలు. కేపీ35 కార్ట్రిడ్జ్ (షాఫ్ట్, బేరింగులు ఉండే మధ్య భాగం) కావాలంటే మా వీధి చివర పొద్దున చెబితే సాయంత్రానికి చేతిలో ఉంటుంది. మొదటి బండి అంటే పాడవుతుంది, అది ఖాయం. కాబట్టి దొరికే పార్టే మంచి పార్టు అనుకున్నాం. స్క్రాప్‌లో కొన్న హౌసింగులు, కొత్త కార్ట్రిడ్జ్ కలిపి 21,000.

ఒక జాగ్రత్త. బూస్ట్ హద్దు దాటకుండా ఎగ్జాస్ట్‌ను పక్కకు వదిలించే యాక్చుయేటర్ స్ప్రింగు డీజిల్ టర్బోలో గట్టిగా ఉంటుంది. బిగించే ముందు బెంచ్ మీద పెట్టి సైకిల్ పంపుతో గాలి కొట్టి చూశాం. గేజ్ ముల్లు ఒక బార్ (దాదాపు బయటి గాలి ప్రెషరంత) దాటినా రాడ్ కదల్లేదు. ఈ పరీక్ష చేయకుండా బిగించి ఉంటే మొదటి థ్రాటిల్‌కే పిస్టన్లు పోయేవి. మెత్తటి స్ప్రింగు ఉన్న, సర్దుకునే యాక్చుయేటర్ విడిగా కొన్నాం: 6,500.

ఎంత బూస్ట్

ఎనభైల్లో జపాన్ కంపెనీలు నాలుగూ టర్బో బైకులు అమ్మాయి. 1982లో వచ్చిన హోండా సీఎక్స్500 టర్బోలో కంప్రెషన్ 7.2కు దించారు. 1984 కవాసాకీ జీపీజడ్750 టర్బోలో 7.8. ఫ్యాక్టరీ వాళ్లు ముందు పిస్టన్ మార్చి, ఆ తర్వాతే బూస్ట్ పెట్టారు. మేం ఇంజన్ విప్పడం లేదు, 9.5 అలాగే ఉంటుంది. కాబట్టి 0.4 బార్ దగ్గర గీత గీశాం.

దానికి ఏం వస్తుందో కాగితం మీద చూశాం. మా దగ్గర నలభై డిగ్రీల గాలి మామూలే. దాన్ని 0.4 బార్‌కు నొక్కితే, ఇంత చిన్న టర్బో సామర్థ్యం నూటికి అరవై ఐదు అనుకున్నా, గాలి వేడి 88 డిగ్రీల దాకా పోతుంది. వేడెక్కిన గాలి పలచబడుతుంది కాబట్టి 1.4 రెట్ల ప్రెషర్ ఉన్నా గాలి బరువు 1.2 రెట్లే. ఇంటర్‌కూలర్ దాన్ని అరవై డిగ్రీలకు దించితే 1.3 రెట్లు. అంటే ఇంటర్‌కూలర్ ఉంటే 47 కాస్తా 61, 62 పీఎస్. లేకపోతే 57, పైగా నాకింగ్ భయం. మా ఎండల్లో ఇంటర్‌కూలర్ మీద డబ్బు మిగుల్చుకోవడం కుదరదని అక్కడే తేలిపోయింది.

అదే లెక్కతో పెట్రోలు. 65 పీఎస్‌కు టర్బో ఇంజన్ నిమిషానికి దాదాపు 410 సీసీ తాగుతుంది. రెండు ఇంజెక్టర్లకు పంచి, ఏదీ తన సమయంలో నూటికి ఎనభైకి మించి తెరుచుకుని ఉండకూడదనుకుంటే ఒక్కోటి 256 సీసీ అయినా ఇవ్వాలి. 300వి తీసుకున్నాం.

మొదటి ప్రయత్నం

ఏప్రిల్‌లో మొదలుపెట్టాం. ఎగ్జాస్ట్ పోర్టులు ముందుకు చూస్తాయి కాబట్టి టర్బో ఇంజన్ ముందే, కింద, ఫ్రంట్ వీల్ వెనక. పోర్టుకు దగ్గరగా ఉంటే వేడి తగ్గకముందే ఎగ్జాస్ట్ చక్రాన్ని కొడుతుంది, బూస్ట్ త్వరగా లేస్తుంది. ముందు ఫోర్క్ స్ప్రింగులు తీసేసి, బండిని పూర్తిగా కిందికి నొక్కి టైరుకూ టర్బోకూ మధ్య సందు కొలిచాం. రెండు వేళ్లు పట్టింది. స్ప్రింగులతో నిలబెట్టి కొలిచిన కొలత నమ్మి ఉంటే బ్రేకు కొట్టగానే టైరు వెళ్లి టర్బోకు తగిలేది.

మానిఫోల్డ్ ఇనుప పైపుతో 9,000కు అయిపోయింది. చూడ్డానికి బాగానే ఉంది. స్టార్ట్ చేసి యార్డులో నాలుగు రోజులు తిప్పాక రెండు పైపులు కలిసే చోట వెంట్రుకవాసి పగులు కనిపించింది. మళ్లీ వెల్డ్ చేశాం. మళ్లీ అక్కడే, కొంచెం పక్కన.

పైపు నాసిరకమని ఓనరు అనుమానం. నేను మాత్రం టర్బోను చేత్తో పట్టుకుని పైకీ కిందికీ ఊపి చూశాను. ఆ బరువంతా, దానికి తోడు డౌన్‌పైప్ (టర్బో నుంచి సైలెన్సర్‌కు పోయే పైపు) బరువు, ఆ ఒక్క కీలు మీద వేలాడుతోంది. ఈ ఇంజన్ క్రాంక్ 270 డిగ్రీలది, దాని కుదుపు కూడా ఉంటుంది. ఎర్రగా కాలే పైపు చివర బరువు వేలాడదీసి రోజంతా ఊపితే ఏ లోహమైనా పగులుతుంది. నాసిరకం నా డిజైను. రెండోసారి 304 స్టెయిన్‌లెస్ మందపాటి బెండ్లతో, టర్బో కింద నుంచి ఇంజన్ మౌంట్ బోల్టుకు ఒక ఊతం పెట్టి చేశాం. ఊతానికి గుండ్రటి రంధ్రం కాకుండా పొడవాటి గాడి తీయించాను. స్టెయిన్‌లెస్ వేడికి ఇనుము కంటే ఎక్కువ సాగుతుంది, కదలడానికి చోటివ్వకపోతే ఊతమే పైపును విరుస్తుంది. 24,000. ఆ తర్వాత పగులు రాలేదు.

పొగ

ఈ కేసు రాయడానికి అసలు కారణం ఇదే.

కొత్త మానిఫోల్డ్‌తో స్టార్ట్ చేశాం. మొదటి రెండు నిమిషాలు బాగుంది. తర్వాత ఐడిల్‌లో సైలెన్సర్ నుంచి నీలం పొగ, దోమల మందు బండి వచ్చినట్టు. థ్రాటిల్ ఇస్తే తగ్గుతుంది, వదిలితే మళ్లీ కమ్ముకుంటుంది. "టర్బో పోయింది" అన్నాడు ఓనరు. పక్క షెడ్డు వాళ్లూ వచ్చి అదే అన్నారు. కొత్త కార్ట్రిడ్జ్ కాబట్టి అమ్మినతను మారు మాట లేకుండా ఇంకోటిచ్చాడు. అదీ పొగే.

రెండు కొత్తవి ఒకేలా పోవు. అక్కడ నా బుర్ర పనిచేయడం మొదలైంది, రెండు రోజులు ఆలస్యంగా. టర్బో షాఫ్ట్‌కు రెండు వైపులా ఉండేది రబ్బరు సీల్ కాదు, పిస్టన్ రింగు లాంటి చిన్న రింగు. అది ఆయిల్‌ను ఆపే తలుపు కాదు. బేరింగుల్లోంచి వచ్చిన ఆయిల్ నురగలా కిందికి జారిపోతుంటేనే రింగు తన పని చేస్తుంది. కింద దారి మూసుకుంటే హౌసింగ్ నిండి, రింగు దాటి వేడి ఎగ్జాస్ట్‌లో పడుతుంది. అదే పొగ.

మేం టర్బోను ఎంత కిందికి పెట్టామంటే దాని డ్రెయిన్ నోరు సంప్‌లోని (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే చోటులోని) ఆయిల్ మట్టానికి ఇంచుమించు సమానంగా ఉంది. "వాలు కొద్దిగా ఉందిలే" అనుకున్నాను బిగించేటప్పుడు. డ్రెయిన్ ఆయిల్ మట్టానికి బాగా పైన ఉండాలన్న రూలు తెలియక కాదు. తెలిసీ ఆ కొద్ది వాలు చాలుననుకున్నాను.

నిరూపించడానికి పరీక్ష ఒకటి చేశాం, ఖర్చు సున్నా. రిటర్న్ గొట్టాన్ని ఇంజన్ వైపు నుంచి విప్పి, ఇంజన్ వైపు నోరు బిరడాతో మూసి, ఆ గొట్టాన్ని నేల మీద పెట్టిన లీటరు నీళ్ల సీసాలోకి దించాం. సంప్‌లో ఆయిల్ పైగీత దాకా పోసుకుని, చూడటానికి ఒక కుర్రాణ్ణి సీసా దగ్గర కూర్చోబెట్టి స్టార్ట్ చేశాం. గొట్టంలోంచి ఆయిల్ పలచటి మజ్జిగలా, బుడగలతో దిగుతోంది. ఒక నిమిషం పొగ అలాగే ఉంది, ఎగ్జాస్ట్‌లో పేరుకున్నది కాలుతోంది. రెండో నిమిషానికి పలచబడింది. మూడో నిమిషానికి సైలెన్సర్ శుభ్రం. సీసా సగం కాకముందే ఇంజన్ ఆపేశాం. అదే టర్బో, అవే రింగులు. గొట్టం దించిన చోటే మారింది.

ఇక ఎంచుకోవాల్సినవి రెండు. టర్బోను పైకెత్తడం, లేదా ఆయిల్‌ను పంపుతో లాగడం. పైకెత్తితే ఆయిల్ కూలర్‌కు గాలి అడ్డం, టైరుతో సందు కూడా పోతుంది. కాబట్టి పంపే. టర్బో కింద చిన్న కప్పులో ఆయిల్ పడుతుంది, పన్నెండు వోల్టుల గేర్ పంపు దాన్ని లాగి ఇంజన్ పైన ఆయిల్ పోసే మూత దగ్గర వదులుతుంది. ఒరిజినల్ మూత పెట్టెలో పెట్టేసి, లేత్ బాబాయ్‌తో అల్యూమినియం మూత ఒకటి తీయించి దానికే నిపుల్ పెట్టాం. ఇంజన్ ఆపాక కూడా పంపు నిమిషంన్నర తిరిగేలా టైమర్ రిలే. పంపు ఆగితే హ్యాండిల్ మీద ఎర్ర లైటు. ఆయిల్ వచ్చే వైపు రెండు మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న రెస్ట్రిక్టర్. క్రాంక్‌కేస్ బ్రీదర్ గొట్టం పెద్దది చేసి ఒక క్యాచ్ డబ్బా. లోపల ప్రెషర్ నిలిచినా రిటర్న్ దిగదు మరి.

మొత్తం ఆయిల్ దారి ఖర్చు 26,000. టర్బో కంటే 5,000 ఎక్కువ. ఓనరు మొదటి కాగితంలో దీనికి ఒక్క గీత కూడా లేదు. నా ఎస్టిమేట్‌లో "ఆయిల్ లైన్లు 6,000" అని ఉంది.

పిగ్గీబ్యాక్ కథ

పొగ తీరాక బెంగళూరులో డైనో బుక్ చేశాం. బండి ట్రాన్స్‌పోర్టు, డైనో గంటలు, మా ఇద్దరి తిండి, గది కలిపి 19,000. ఆ రోజంతా వృథా.

మేం పెట్టిన పిగ్గీబ్యాక్ రెండే చూస్తుంది: థ్రాటిల్ ఎంత తెరిచారు, ఇంజన్ ఎంత తిరుగుతోంది. టర్బో లేని బండికి అది చాలు, ఎందుకంటే ఆ రెండూ తెలిస్తే గాలి ఎంతో తెలిసినట్టే. టర్బో ఉంటే అలా కాదు. సగం థ్రాటిల్, 5,000 ఆర్‌పీఎం దగ్గర ఇప్పుడే గేరు మార్చి వస్తే బూస్ట్ సున్నా. అదే చోట ఐదు సెకన్లు నిలబడితే 0.3 బార్. ఈసీయూ పట్టికలో గడి ఒకటే, గాలి వేరు. బూస్ట్‌కు సరిపడా పెట్రోలు నింపితే బూస్ట్ లేనప్పుడు బండి నల్లగా దగ్గుతుంది. బూస్ట్ లేనప్పటికి సరిచేస్తే లోడ్‌లో మిక్చర్ పలచబడుతుంది.

సాయంత్రం నాలుగో పుల్ (డైనో మీద పూర్తి థ్రాటిల్ పరుగు) తర్వాత ప్లగ్గులు విప్పాం. కుడి ప్లగ్గు తెల్లటి పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు సన్నటి చుక్కలు. టార్చి వేసి చూస్తే వాటి మధ్య ఒకటి రెండు మెరుస్తున్నాయి. నల్లవి మసి. మెరిసేవి పిస్టన్ అల్యూమినియం. నాకింగ్ మొదలైంది. ఓనరుకు చూపించాను. అతనే "ఆపేద్దాం అన్నా" అన్నాడు. డైనో డబ్బు పోయినందుకు ఇంకో పుల్ చేద్దామని అనలేదు, అది అతని గొప్ప.

వెనక్కి వచ్చి

షెడ్డుకు రాగానే టర్బో విప్పేశాం. ఒరిజినల్ ఎగ్జాస్ట్ బిగించాం. ఓనరుకు ఇది ఓడిపోయినట్టు అనిపించింది, రెండు వారాలు ఫోన్ చేయలేదు. తిరిగొచ్చాక చెప్పాను: టర్బో లేకుండానే స్టాండలోన్ ఈసీయూ పెట్టి, వైడ్‌బ్యాండ్ (మిక్చర్ చూసే సెన్సర్) పెట్టి, కొత్త ఇంజెక్టర్లు, పంపు పెట్టి, బండిని కంపెనీ నుంచి వచ్చినంత శుభ్రంగా నడిపిద్దాం. అది కుదిరాకే టర్బో.

ఇందులో రెండు లాభాలున్నాయి. కొత్త ఈసీయూ, కొత్త పెట్రోలు, కొత్త టర్బో అన్నీ ఒకేసారి పెడితే తేడా వచ్చినప్పుడు ఎవరిని అనుమానించాలో తెలియదు. రెండోది డబ్బు. మధ్యలో జేబు ఖాళీ అయినా, ఆ దశలో బండి నడుస్తూనే ఉంటుంది. టర్బో ముందు కొన్నవాడి బండి మాత్రం ముక్కలుగా మూలన పడుంటుంది. అలాంటివి మా వీధిలోనే చూశాను.

ఈసీయూకు మ్యాప్ సెన్సర్ ఉంటుంది, గాలి ప్రెషర్‌నే నేరుగా చూస్తుంది. ఇందులో చిన్న చిక్కు వచ్చింది. 270 డిగ్రీల క్రాంక్ కాబట్టి పీల్పులు సమానంగా పడవు, ఒకటి దగ్గర, ఒకటి దూరం. ఐడిల్‌లో ప్రెషర్ అంకె గంతులేస్తోంది. రెండు ఇన్‌టేకుల నుంచి సన్న గొట్టాలు తీసి బొటనవేలంత అల్యూమినియం డబ్బాలో కలిపి, సెన్సర్‌ను ఆ డబ్బాకు పెడితే అంకె కుదురుకుంది.

పెట్రోలు వైపు, ఒరిజినల్ రెగ్యులేటర్ ప్రెషర్‌ను స్థిరంగా ఉంచుతుంది. ఇన్‌టేక్‌లో బూస్ట్ ఎక్కితే ఇంజెక్టర్ నోటికి ఎదురు ప్రెషర్ పెరిగి, కావలసిన సమయంలోనే పెట్రోలు తగ్గుతుంది. బూస్ట్ ఎంత పెరిగితే పెట్రోలు ప్రెషర్‌ను అంతే పెంచే రెగ్యులేటర్ పెట్టాం. రిటర్న్ కోసం పంపు ప్లేటు ఒకటి విడిగా కొని దానికి నిపుల్ పెట్టాం, ట్యాంకు జోలికి పోలేదు.

ట్యూనింగ్ మొత్తం లాంబ్డాలోనే చేశాం (సరిపడా మిక్చర్ అంటే 1, అంతకంటే తక్కువంటే పెట్రోలు ఎక్కువ). ఇప్పుడు బంకులో వచ్చే పెట్రోలులో ఇథనాల్ ఉంటుంది కాబట్టి గాలికీ పెట్రోలుకూ పాత 14.7 నిష్పత్తి పట్టుకుని కూర్చుంటే తప్పుదారి పడతాం. ట్రాక్‌కు 95 ఆక్టేన్ పోస్తాం, బూస్ట్‌లో లాంబ్డా 0.8 దగ్గర ఉంచుతాం. గుంటూరు వైపు ఒక మిర్చి కోల్డ్ స్టోరేజ్ వెనక సిమెంటు యార్డు ఉంది. సీజన్ అయ్యాక ఖాళీ. టర్బో లేని మ్యాప్ (ఈసీయూలో పెట్రోలు, టైమింగ్ పట్టిక) అక్కడే మూడు ఆదివారాల్లో పూర్తయింది.

నవంబరులో టర్బో మళ్లీ బిగించాం. రెండో డైనో ప్రయాణం ప్రశాంతంగా సాగింది. ముందు 0.25 బార్, ప్రతి రెండు పుల్‌లకు ప్లగ్గులు, తర్వాత 0.4. ప్లగ్గు నిప్పు టైమింగ్ బూస్ట్‌తో పాటు వెనక్కి తీస్తూ పోయాం. క్లచ్ ఒకసారి జారింది, గట్టి స్ప్రింగులు, కొత్త ప్లేట్లతో సర్దుకుంది. టర్బో కట్టకముందు ఇదే తరహా డైనో మీద వెనక చక్రం దగ్గర 40 పీఎస్ చూపిన బండి 53 చూపింది. కాగితం మీద వేసుకున్న లెక్కకు దగ్గరే.

బిల్లు

ఈసీయూ, వైరింగ్, సెన్సర్లు, వైడ్‌బ్యాండ్ కలిపి 68,000. లేబర్ 70,000. రెండు డైనో ప్రయాణాలు 38,000. ఆయిల్ దారి 26,000. స్టెయిన్‌లెస్ మానిఫోల్డ్ 24,000. పెట్రోలు వైపు 23,000. టర్బో 21,000. ఇంటర్‌కూలర్, పైపులు, సిలికాన్ గొట్టాలు, క్లాంపులు 19,000. గాస్కెట్లు, ఆయిల్, ప్లగ్గులు 17,000. డౌన్‌పైప్, సైలెన్సర్ 14,000. పిగ్గీబ్యాక్ సగం ధరకు అమ్మగా నష్టం 13,000. చిల్లర లేత్ పనులు 12,000. గాలి ప్లీనమ్ (ఇంజన్‌లోకి పోయే ముందు గాలి నిలిచే డబ్బా) 11,000. పారేసిన ఇనుప మానిఫోల్డ్ 9,000. క్లచ్ 9,000. యాక్చుయేటర్ 6,500. బ్లో ఆఫ్ వాల్వ్ (థ్రాటిల్ మూసినప్పుడు మిగిలిన బూస్ట్ వదిలేది) 4,500. మొత్తం 3,85,000.

టర్బో వాటా నూటికి ఐదున్నర. పెరిగిన ఒక్కో పీఎస్‌కు దాదాపు ముప్ఫై వేలు. ఓనరే ఆ భాగహారం చేసి నవ్వాడు. ఇందులో ఇనుప మానిఫోల్డ్, పిగ్గీబ్యాక్ నష్టం, మొదటి డైనో కలిపి 41,000 తప్పులకు కట్టింది. నిజానికి తగ్గిద్దామనుకున్నది అంత కూడా లేదు. వృథా అయిన లేబర్‌లో సగం నేను వదులుకున్నాను, ఎందుకంటే ఆయిల్ వాలు తప్పు నాదే.

ఇప్పుడు ఎస్టిమేట్ రాసే తీరు

ఆ తర్వాత టర్బో అడిగి వచ్చినవాళ్లు నలుగురు. కాగితంలో మొదటి గడి ఇప్పుడు టర్బో కాదు, ఆయిల్ ఎటు దిగుతుంది అన్నది. బండిని స్టాండు మీద నిలబెట్టి, టర్బో వచ్చే చోట ఒక కర్ర కట్టి, సంప్ మట్టం నుంచి ఎత్తు కొలిచి రాస్తాను. ఆ ఒక్క అంకె బట్టి పంపు కావాలో వద్దో తేలుతుంది, 20,000 అటో ఇటో అవుతుంది. తర్వాత ఈసీయూ, పెట్రోలు. టర్బో చివర్లో రాస్తాను. ఈ వరుసలోనే డబ్బు కూడా తీసుకుంటాను, మొదటి దశ పూర్తయి బండి టర్బో లేకుండా శుభ్రంగా నడిచేదాకా టర్బో కొనొద్దని చెబుతాను. నలుగురిలో ముగ్గురు కర్ర కట్టిన రోజే వెళ్లిపోయారు. వెళ్లడమే మంచిదైంది వాళ్లకు. డైనో రెండుసార్లకు రాస్తాను, ఒక్కసారితో అయిపోతే ఓనరు అదృష్టం.

ఈ బండి ఇప్పటికి మూడు ట్రాక్ డేలు చూసింది. కేపీ35కు నీటి కూలింగ్ లేదు కాబట్టి పిట్‌లోకి వచ్చాక రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఆపుతాడు. ఎడమ పోర్టు గాస్కెట్ ప్రతిసారీ కొద్దిగా మసి కక్కుతోంది, దానికి రాగి గాస్కెట్ కోయించి చూడాలి. పోయిన వారం ఫోన్ చేసి 0.6 బార్ అడిగాడు. పిస్టన్లు మార్చకుండా పెట్టనన్నాను. రేటు చెప్పమన్నాడు, కనుక్కుంటున్నాను.